డిచ్‌పల్లి కుష్ఠు ఆస్పత్రి: వెలివేతకూ వైద్యానికీ మధ్య నూరేళ్లు

కుష్ఠు రోగులను జనం మధ్య నుంచి తప్పించాలని నిశ్చయించుకున్న పంతొమ్మిదో శతాబ్దపు పాలకులకు సముద్రాన్ని మించిన గోడ కనిపించలేదు. హవాయి రాజ్యం 1866 నుంచి రోగులను మొలొకాయి దీవిలోని కలౌపాపాకు ఓడల్లో తరలించింది. అక్కడ వారికి సేవ చేయడానికి 1873లో వెళ్లిన బెల్జియం మతగురువు డామియన్ అదే జబ్బు సోకి 1889లో మరణించాడు. దక్షిణాఫ్రికాలో రాబెన్ దీవి, క్రీట్ ఒడ్డున స్పినలోంగా, ఫిలిప్పీన్స్‌లో 1906లో తెరిచిన కులియన్ ఇదే పనికి వాడిన చోట్లు. డామియన్ దీవిలో అడుగుపెట్టిన 1873లోనే నార్వేలో హాన్సెన్ అనే వైద్యుడు ఈ జబ్బుకు ఒక సూక్ష్మజీవి కారణమని గుర్తించాడు. విచిత్రమేమిటంటే, జబ్బు శాపం కాదని తేల్చిన ఆ పరిశోధనే వెలివేతకు శాస్త్రం ముద్ర వేసింది. అంటుకునేదైతే దూరంగా ఉంచాల్సిందేనని 1897లో బెర్లిన్‌లో సమావేశమైన వైద్యులు తీర్మానించారు. ఆ మరుసటి ఏడాదే బ్రిటిష్ ఇండియాలో, బిచ్చమెత్తుకునే నిరుపేద రోగులను పట్టుకుని ఆశ్రమాల్లో ఉంచడానికి కుష్ఠు రోగుల చట్టం వచ్చింది.

నిజాం రాజ్యానికి సముద్రం లేదు. అయినా తెలంగాణ పల్లెల్లో ‘పెద్దరోగం’ వచ్చిన మనిషికి ఊరి చివర గుడిసో, పశువుల కొట్టంలో ఒక మూలో, జాతర తోవ పక్కన చెట్టు నీడో దీవిగా మారేది. విడిగా గిన్నె, విడిగా చెంబు, పండగ నాడు కూడా దూరం నుంచే పలకరింపు. ఏ చట్టమూ రాయని ఆ వెలివేతలో దీవులకున్న కనీస సౌకర్యం కూడా లేదు, ఎందుకంటే కులియన్‌లో ఆస్పత్రి ఉండేది, ఊరి చివరి గుడిసెకు వైద్యుడు వచ్చేవాడు కాదు. నిజామాబాద్‌కు సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, నేటి 44వ నంబరు జాతీయ రహదారి మీదున్న డిచ్‌పల్లిలో 1915లో నెలకొన్న విక్టోరియా కుష్ఠు ఆస్పత్రిని ఈ నేపథ్యంలో చూడాలి.

మిషనరీ ఆస్పత్రుల గురించి రాసేటప్పుడు త్యాగాన్ని పొగిడే ధోరణి ఒకటి, మతమార్పిడి ఎత్తుగడగా తీసిపారేసే ధోరణి మరొకటి కనిపిస్తాయి. రెండూ ఆస్పత్రిలో అసలు ఏం జరిగిందన్న ప్రశ్నను పక్కన పెడతాయి. డిచ్‌పల్లి విషయంలో ఆ ప్రశ్నకు జవాబు ఒక్క మందులోనో ఒక్క మనిషిలోనో లేదు. రోగులను దాచి ఉంచే చోటుగా కాక, రోగులు తమంత తాము వెతుక్కుంటూ వచ్చి, కొంతకాలానికి తిరిగి వెళ్లగల చోటుగా ఆ సంస్థ నిలబడడంలో ఉంది. జబ్బు నయమైనా తిరిగి వెళ్లలేకపోయినవారు ఎందరో ఉండడం ఆ పని ఎక్కడ ఆగిపోయిందో చెబుతుంది.

ఆస్పత్రి స్థాపకురాలు ఇసబెల్ కెర్ 1875లో స్కాట్లాండ్‌లో పుట్టి, 1903లో అబర్డీన్ విశ్వవిద్యాలయంలో వైద్య పట్టా పొందారు. మహిళలు వైద్యవిద్యలోకి రావడమే ఇంకా అరుదుగా ఉన్న రోజులవి. భర్త రెవరెండ్ జార్జ్ కెర్‌తో కలిసి 1907లో వెస్లియన్ మెథడిస్టు మిషన్ తరఫున హైదరాబాద్ రాజ్యానికి వచ్చారు. మెదక్‌లో 1914 నుంచి 1924 దాకా పెద్ద చర్చిని కట్టించినది కూడా ఈ మిషనే. నిజామాబాద్‌లో సాధారణ వైద్యం చేస్తుండగా, వేరే రోగుల వరుసలో నిలబడే హక్కు కూడా లేని కుష్ఠు రోగులు ఆమె కంటపడ్డారు. 1911లో వారి కోసం అక్కడే చిన్నపాటి ఆశ్రయం మొదలైంది. స్థానికంగా పేరున్న హిందూ దాత రాజా నర్సా గౌడ్ విరాళంతో అది డిచ్‌పల్లిలో ఆస్పత్రిగా రూపుదిద్దుకుంది. నేల ముస్లిం నవాబు పాలనలోది, సొమ్ము హిందువుది, నడిపింది క్రైస్తవ మిషన్. దీన్ని మతసామరస్యానికి ఉదాహరణగా చెప్పుకోవడంలో తప్పులేదు కానీ, తన ఊళ్లో ఉంచుకోలేని రోగిని ఎవరో ఒకరు చూసుకుంటే చాలునన్న భావన కూడా ఆ రోజుల దాతృత్వంలో ఎంతో కొంత కలిసే ఉండేదని మరవకూడదు.

స్థలం ఎంపిక తెలివైనదే. ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేసరికి సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్ మీదుగా మన్మాడ్ వెళ్లే రైలు మార్గం వచ్చింది, డిచ్‌పల్లి ఆ మార్గంలోని స్టేషను. ఊరికి ఎడంగా ఉండడం వల్ల చుట్టుపక్కల అభ్యంతరాలు తక్కువ, రైలు ఉండడం వల్ల దూరపు రోగులకు దారి సుగమం. మొలొకాయికి వెళ్లిన ఓడ రోగిని దించి ఖాళీగా తిరిగి వచ్చేది. డిచ్‌పల్లికి రైలెక్కి వచ్చినవాడు నయమైతే అదే రైలెక్కి తిరిగి పోవచ్చు.

ఇక వైద్యం సంగతి. ఆ కాలంలో ఉన్న ఒకే ఒక్క ఆశ చాల్‌మూగ్రా జాతి చెట్ల గింజల నుంచి తీసే నూనె. మన దేశంలో ఆ జాతికి చెందిన చెట్టు పశ్చిమ కనుమల్లో పెరుగుతుంది, దాని గింజలను తెలుగులో నీరడి విత్తులంటారు. సుశ్రుత సంహిత తువరకమనే పేరుతో ప్రస్తావించిన ఈ నూనెను నోటితో తాగితే కడుపులో తిప్పి వాంతులయ్యేవి, ఎక్కువ రోజులు తాగగలిగినవారు తక్కువ. దాన్ని సూదిమందుగా మార్చడానికి ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ప్రపంచంలో చాలాచోట్ల ప్రయత్నాలు జరిగాయి. కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్, ఆయన తర్వాత ఎర్నెస్ట్ మ్యూర్ ఆ కృషి చేశారు. డిచ్‌పల్లి ఈ కొత్త పద్ధతిని వెంటనే అందుకున్న ఆస్పత్రుల్లో ఒకటి. సూది గుచ్చిన చోట వాపు, నొప్పి, ఒక్కోసారి గడ్డ కట్టడం మామూలే. వారం వారం, నెలల తరబడి ఆ నొప్పిని ఓర్చుకోవడానికి రోగులు సిద్ధపడ్డారంటే బయట వారికి ఎదురైన బతుకు ఎలాంటిదో ఊహించుకోవచ్చు.

ఆ నూనె నిజంగా పనిచేసిందా? నేటి ప్రమాణాలతో చూస్తే గట్టి రుజువు లేదు. కుష్ఠులో ఒక చిక్కుంది: శరీరంలో క్రిములు తక్కువగా ఉండే రకంలో చాలామందికి మచ్చలు ఏ మందూ లేకుండానే కాలక్రమంలో మాయమవుతాయి. తొలి దశ రోగులను చేర్చుకున్న ఆస్పత్రిలో ‘నయమైనవారి’ సంఖ్య అందువల్లనే ఎక్కువగా కనిపించే వీలుంది. పైగా కడుపు నిండా తిండి, రోజూ కాస్త శ్రమ, మలేరియా, కొంకిపురుగుల వంటి తోడు జబ్బులకు చికిత్స కలిసి రోగిని కోలుకునేలా చేసేవి. మ్యూర్ స్వయంగా వీటికి ఎంతో ప్రాముఖ్యం ఇచ్చాడు. అయితే నూనె బలం ఎంతైనా, దాని ప్రభావం మరోచోట గట్టిగా కనిపించింది. మందు ఉందన్న మాట పాకగానే, దాక్కున్న రోగులు బయటికి రావడం మొదలైంది. ఆశ్రమానికి ఈడ్చుకుపోతారన్న భయం ఉన్నచోట తొలి మచ్చను దుప్పటి కింద దాచుకునే మనిషి, నయం చేస్తారన్న ఆశ ఉన్నచోట అదే మచ్చను చూపించడానికి మైళ్లు నడిచి వస్తాడు. చట్టం సాధించలేనిది ఆశ సాధించిందన్న ఈ అనుభవమే 1920లలో మ్యూర్ రూపొందించిన ప్రచారం, చికిత్స, సర్వే అనే మూడంచెల పద్ధతికి ఆధారమైంది. మన దేశంలో ఆ తర్వాత వచ్చిన ప్రతి కుష్ఠు నివారణ కార్యక్రమంలోనూ దాని ఛాయ ఉంది.

మతం మాట దాటవేయడం నిజాయితీ అనిపించుకోదు. మిషన్ ఉద్దేశాల్లో సువార్త ఒకటి, అది దాచిన సంగతేమీ కాదు. ఇల్లు, కులం, ఊరు ముగ్గురూ కాదన్న మనిషికి ప్రార్థనలో పక్కన కూర్చునే జనం దొరికితే, ఆ మనిషి వారిలో ఒకడు కావడాన్ని పూర్తి స్వేచ్ఛతో చేసిన ఎంపిక అనడం కష్టం, మోసమనడం అంతకంటే కష్టం. వెలివేసిన సమాజం ఖాళీ చేసిన చోటులోకి మిషన్ వచ్చింది. ఆ ఖాళీకి బాధ్యత ఎవరిదన్న ప్రశ్న మతమార్పిడి గురించిన చర్చల్లో చాలా అరుదుగా వినిపిస్తుంది.

కుష్ఠు వైద్యంలో చర్మం కంటే ముఖ్యమైనది నరం. మచ్చలు కనిపిస్తాయి కాబట్టి జనం వాటికి భయపడతారు కానీ, మనిషి బతుకును దెబ్బతీసేది చర్మం కింద నరాలకు జరిగే నష్టం. మోచేయి లోపలివైపు ఎముక వెనక, పొరపాటున దేనికైనా తగిలితే కరెంటు కొట్టినట్టు జివ్వుమనే నరం ఒకటి ఉంది. క్రిములు చేరి అది ఉబ్బితే తాడులా చేతికి తగులుతుంది. ముందు చిటికెన వేలు, దాని పక్క వేలు మొద్దుబారతాయి, తర్వాత లోపలికి వంకరపోతాయి. మోకాలి పక్క నరం దెబ్బతింటే పాదం పైకి లేవక నేలకు రాసుకుంటుంది. ముఖంలోని నరం దెబ్బతింటే కనురెప్ప మూతపడదు, దుమ్ము పడి పడి చూపు పోతుంది. వేళ్లు రాలిపోతాయని జనం అనుకుంటారు కానీ, జబ్బు వేళ్లను తినదు. నొప్పి తెలియని చేయి పొయ్యి మీది గిన్నెను మసిగుడ్డ లేకుండా దించుతుంది, కాలిన సంగతి బొబ్బ చూశాకే తెలుస్తుంది. నొప్పి తెలియని పాదం ముల్లు దిగినా నడుస్తూనే ఉంటుంది. పుండు పడి, చీము పట్టి, ఎముకకు చేరి, ఏళ్ల తరబడి ఇలాంటి గాయాల మీద గాయాలతో వేళ్లు కురచబారతాయి. 1946లో వెల్లూరు వచ్చిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ ఈ సంగతిని స్పష్టంగా నిరూపించి, వంకరపోయిన వేళ్లకు స్నాయువులను మార్చి అతికే శస్త్రచికిత్సలను అభివృద్ధి చేశాడు. మెత్తటి సూక్ష్మరంధ్రాల రబ్బరు అట్ట వేసిన చెప్పులు కూడా అక్కడి కృషితోనే దేశమంతా వ్యాపించాయి.

ఉత్తర తెలంగాణలో ఈ నష్టానికి ప్రత్యేకమైన అర్థం ఉంది. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో వేలాది మహిళలకు బీడీలు చుట్టడమే జీవనాధారం. తడిపిన తునికాకును కత్తెరతో కొలతకు కత్తిరించి, పొగాకు పొడి పోసి, బొటనవేలు, చూపుడువేళ్ల కొసలతో బిగువుగా చుట్టి, మొన మడిచి, దారం కట్టడం పూర్తిగా వేలికొసల స్పర్శ మీద ఆధారపడిన పని. చేతి నరం మొద్దుబారిన తొలి నెలల్లోనే బీడీ వదులవుతుంది, లెక్కకు తక్కువ పడుతుంది, కూలి తెగ్గోస్తారు. వ్యాధి నిర్ధారణకు ముందే ఆ ఇంటికి ఆదాయం పడిపోతుంది. వరినాట్లు, పసుపు తవ్వకం, పత్తి ఏరడం ఏదైనా అంతే. డిచ్‌పల్లి వంటి ఆస్పత్రులు వడ్రంగం, నేత, సాగు పనులను చికిత్సలో భాగం చేయడాన్ని ఖర్చు తగ్గించుకునే ఉపాయంగా మాత్రమే చూడకూడదు. చేతులు పనిచేస్తూ ఉంటేనే కీళ్లు బిగుసుకోవు, రోగి తనను పనికిరానివాడిగా అనుకోడు.

అసలైన మందు 1940లలో వచ్చింది. 1941లో అమెరికాలోని కార్విల్ ఆస్పత్రిలో ప్రోమిన్ సూదిమందు, ఆ తర్వాత దాని మూలపదార్థమైన డాప్సోన్ మాత్ర. ఈ కథలో డిచ్‌పల్లికి ఒక చిన్న వాటా ఉంది. ఒకప్పుడు ఇక్కడ వైద్యుడిగా పనిచేసి, తర్వాత కలకత్తాకు, అక్కడి నుంచి నైజీరియాలోని ఉజువాకోలికి వెళ్లిన జాన్ లోవ్, 1940ల చివరలో డాప్సోన్‌ను చిన్న మోతాదులో నోటి ద్వారా క్షేమంగా ఇవ్వవచ్చని చూపిన వారిలో ముఖ్యుడు. సూది అక్కరలేని, అతి చవకైన మాత్ర కావడంతో రోగిని ఆస్పత్రిలో ఉంచాల్సిన అవసరం ఒక్కసారిగా తగ్గిపోయింది. ఇసబెల్ కెర్ ఈ మార్పును చూడలేదు, ఆమె 1932లో డిచ్‌పల్లిలోనే మరణించారు. డాప్సోన్‌కు లొంగని క్రిములు 1960లలో బయటపడ్డాయి. దానికి విరుగుడుగా 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రిఫాంపిసిన్, క్లోఫాజిమిన్, డాప్సోన్‌లను కలిపి ఇచ్చే బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసింది. నెలకొకసారి ఆరోగ్య కార్యకర్త ఎదుట మింగే మోతాదు, మిగతా రోజులకు అట్టలో అమర్చిన మాత్రలు. రిఫాంపిసిన్ తొలి మోతాదుతోనే శరీరంలోని క్రిముల్లో అత్యధిక భాగం చచ్చిపోతాయి కాబట్టి, మందు మొదలైన కొద్ది రోజుల్లోనే రోగి ఇతరులకు జబ్బు అంటించే స్థితి దాటిపోతాడు. వెలివేతకు శాస్త్రం నుంచి మిగిలిన చివరి సాకు కూడా అక్కడితో పోయింది.

మందు గెలిచాక కుష్ఠు ఆస్పత్రులకు కొత్త కష్టం వచ్చింది. ఇంటి దగ్గరే మాత్రలు దొరుకుతుంటే పడకలు ఖాళీ అయ్యాయి. జబ్బు అంతమవుతోందన్న వార్తతో విదేశీ విరాళాలు తగ్గాయి. మిషన్ చేతిలో నుంచి 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కిందికి వచ్చిన డిచ్‌పల్లి వంటి ఆస్పత్రులు ఇతర వైద్యాలను కూడా చేర్చుకుని నిలదొక్కుకోవాల్సి వచ్చింది. మరోవైపు, క్రిములు పోయినా వంకర వేళ్లు పోని పాతతరం రోగులకు వెళ్లడానికి ఊరు లేదు. ఇరవై ముప్పై ఏళ్లు దూరమైన మనిషికి పట్టాలో పేరుండదు, రేషన్ కార్డులో పేరుండదు, చెల్లెలి పెళ్లి చెడుతుందన్న భయంతో ఇంటివాళ్లే రావద్దంటారు. ఇలా దేశంలో అనేక కుష్ఠు ఆస్పత్రుల చుట్టూ కాలనీలు ఏర్పడ్డాయి. ఆస్పత్రి తన గేటు తెరిచినంత మాత్రాన ఊరి గేటు తెరుచుకోదు. ఆ రెండో గేటు మీద పనిచేయడంలో మిషన్లూ, ప్రభుత్వమూ రెండూ వెనకబడ్డాయన్నది చేదైనా ఒప్పుకోవలసిన మాట. చట్టాలు కూడా నత్తనడకే నడిచాయి. 1898 నాటి చట్టం 2016లో గానీ రద్దు కాలేదు. భర్తకో భార్యకో కుష్ఠు ఉండడం విడాకులకు కారణంగా చెల్లే నిబంధన 2019 దాకా మన వ్యక్తిగత చట్టాల్లో కొనసాగింది.

మన దేశంలో 1955లో మొదలైన జాతీయ కుష్ఠు నియంత్రణ కార్యక్రమం 1983లో నిర్మూలన కార్యక్రమంగా మారింది. 2005 డిసెంబరు నాటికి పది వేల జనాభాకు ఒక కేసు కంటే తక్కువకు చేరామని ప్రభుత్వం ప్రకటించింది. అంతకు ముందు ప్రత్యేక సిబ్బంది ఇంటింటికీ తిరిగి చేసిన పని సాధారణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు బదిలీ అయింది. సూత్రప్రాయంగా ఇది సరైన నిర్ణయమే. జ్వరం వచ్చినవాడూ మచ్చ ఉన్నవాడూ ఒకే కిటికీ దగ్గర చీటీ తీసుకోవడమే వెలివేతకు అసలైన ముగింపు. కానీ మచ్చను చూసి అనుమానపడగల కన్ను, నరాన్ని తడిమి ఉబ్బును పోల్చగల చెయ్యి కొన్నేళ్ల అలవాటుతో వచ్చేవి. ఆ అలవాటున్న పాత సిబ్బంది పదవీ విరమణ చేస్తూ పోగా, ఏడాదికి ఒకటి రెండు కేసులు మాత్రమే చూసే కొత్త వైద్యుడికి ఆ నేర్పు రావడం కష్టం. ‘నిర్మూలన’ ప్రకటన జబ్బు లేదన్న అపోహను కూడా పెంచింది. వాస్తవానికి ఇప్పటికీ దేశంలో ఏటా లక్షకు పైగా కొత్త కేసులు నమోదవుతున్నాయి, ప్రపంచంలోని కొత్త కేసుల్లో సగానికి పైగా ఇక్కడివే. క్రిమి శరీరంలో చేరాక లక్షణాలు బయటపడడానికి సగటున ఐదేళ్లు, ఒక్కోసారి ఇరవై ఏళ్లు కూడా పట్టవచ్చు కాబట్టి, ఈ రోజు కనిపిస్తున్న మచ్చ ఎప్పటి సంపర్కానిదో చెప్పడం కష్టం.

పరీక్ష మాత్రం ఖరీదైనది కాదు. చర్మం మీద పాలిపోయిన లేదా కాస్త ఎర్రబారిన మచ్చ ఉంటే, రోగిని కళ్లు మూసుకోమని, బాల్‌పెన్ను కొసతో మచ్చ లోపలా బయటా తేలికగా తాకి, తాకిన చోటును వేలితో చూపించమంటారు. మంచి చర్మం మీద తాకిన చోటును సరిగ్గా చూపిన మనిషి మచ్చ మీద తాకినప్పుడు చేయి కదపకుండా కూర్చుంటే అనుమానం బలపడినట్టే. దురద లేదు, నొప్పి లేదు కాబట్టి రోగి దాన్ని ఏళ్ల తరబడి పట్టించుకోడు. ఒంటిమీద మచ్చలను మగ సిబ్బందికి చూపించడానికి ఇష్టపడని మహిళల్లో ఆలస్యం మరింత ఎక్కువ. ఇంటింటి సర్వేలో ఆశా కార్యకర్త పాత్ర కీలకమవుతున్నది ఇందుకే. మందు మొదలయ్యాక క్లోఫాజిమిన్ వల్ల ఒళ్లు నల్లబడుతుంది, రిఫాంపిసిన్ వల్ల మూత్రం ఎర్రగా వస్తుంది. ఈ రెండూ ముందే చెప్పకపోతే భయపడి మాత్రలు మానేసేవారు తక్కువేమీ కాదు.

దూరం సమస్య ఇంకా తీరలేదు. ములుగు జిల్లాలో జంపన్న వాగు పొంగినప్పుడు ఏటూరునాగారం ఏజెన్సీ గూడేలు రోజుల తరబడి బయటి ప్రపంచానికి దూరమవుతాయి. 2023 జూలైలో అదే జిల్లాలోని లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన కురిసినప్పుడు ఎన్ని దారులు తెగిపోయాయో తెలిసిందే. నెలకొకసారి తీసుకోవాల్సిన మందుకు ఇలాంటి చోట్ల వానాకాలానికి ముందే రెండు మూడు నెలల అట్టలు చేతికివ్వడం, ఇంట్లో ఒకరిని సాక్షిగా పెట్టడం మేలు. రోగి ఇంటివారికీ దగ్గరివారికీ ఒక్క మోతాదు రిఫాంపిసిన్ ముందుజాగ్రత్తగా ఇచ్చే విధానం ఇప్పుడు జాతీయ కార్యక్రమంలో ఉంది, అదీ ఈ గూడేలకు చేరాలి.

మాత్రలతో తీరనిది మరొకటి ఉంది. చికిత్స మధ్యలోనో, పూర్తయ్యాకో చచ్చిన క్రిముల మీద శరీరం తిరగబడి నరాలు ఒక్కసారిగా వాచి, రాత్రికి రాత్రే చేయి బలహీనపడవచ్చు. మందు వికటించిందని రోగి, జబ్బు తిరగబెట్టిందని చుట్టాలు అనుకుంటారు. స్పర్శ తగ్గిన ఆరు నెలల్లోపు సరైన మోతాదులో ప్రెడ్నిసొలోన్ అనే వాపు తగ్గించే మందు మొదలుపెడితే నరం కోలుకునే అవకాశం బాగా ఉంటుంది, ఆ గడువు దాటితే వైకల్యం స్థిరపడుతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడు ఈ అత్యవసర స్థితిని గుర్తించినా, వారాల తరబడి మోతాదు సరిచూసుకుంటూ నడిపించడానికి, వంకరపోయిన వేళ్లకు శస్త్రచికిత్స చేయించడానికి, పాదం కొలత తీసి చెప్పు కుట్టించడానికి పంపే చోటు ఒకటి ఉండాలి. వందేళ్లు ఇదే పనిలో ఆరితేరిన డిచ్‌పల్లి వంటి ఆస్పత్రులను నిజామాబాద్, ఆదిలాబాద్, కరీంనగర్, వరంగల్ ప్రాంతాల ఆరోగ్య కేంద్రాలకు రెఫరల్ ఆస్పత్రులుగా అధికారికంగా జతచేసి, నరాల పరీక్షలో కొత్త వైద్యులకు అక్కడే శిక్షణ ఇప్పించడం, అందుకయ్యే ఖర్చును ప్రభుత్వం భరించడం కొత్త భవనాలు కట్టడం కంటే చవక, త్వరగా అయ్యే పని.